సుబేదార్ సాబ్ కర్ర చూపినప్పుడు

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మేముండే సొసైటీ క్లబ్బు హాల్లో ఆదివారం ఉదయాలు పిల్లలు కొందరు గిటార్లూ కీబోర్డులూ పెట్టుకుని ప్రాక్టీసు చేస్తుంటారు. మొన్న పాలప్యాకెట్ల కోసం కిందికి దిగితే హాలు నిశ్శబ్దంగా ఉంది, పిల్లలంతా మెట్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. ఏమ్మా, ఇవాళ పాట లేదా అని అడిగాను. వాళ్ళలో ఒకమ్మాయి మన తెలుగువాళ్ళ పిల్లే, మాట అర్థమవుతుంది గాని నోట రాదు, "డ్రమ్మర్ నహీ ఆయా ఆంటీ, ఉస్కే బినా కైసే హోగా" అంది. సరేనని తలూపి లిఫ్టెక్కాను గాని, మా అంతస్తు చేరేలోగా ఒళ్ళు ఒక్కసారి జలదరించింది. డ్రమ్ము వాయించేవాడు రాకపోతే ప్రాక్టీసు మానుకోవడంలో ఉలిక్కిపడవలసిందేముందని మీరు అనుకోవచ్చు. కావాలని ఒకణ్ణి లేకుండా చేసి మరీ ప్రాక్టీసు చేయించిన మనిషిని నేను చూశాను. ఆయన సంగతి చెప్పాలంటే ఢిల్లీ కంటోన్మెంటులో మా అక్క వాళ్ళ క్వార్టరు దగ్గర మొదలుపెట్టాలి.

మా నాన్న మచిలీపట్నం దగ్గర అద్దకం పని చేయించేవాడు. చెక్క అచ్చులు, రంగుల తొట్లు, ఎండలో ఆరేసిన దుప్పట్ల మధ్య పెరిగిన నాకు పువ్వూ తీగా గీయడం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. తొంభైల నడుమ, నోయిడాలో దుప్పట్లు కర్టెన్లు ఎగుమతి చేసే కంపెనీలో డిజైన్లు గీసే ఉద్యోగం దొరికితే, ఆడపిల్లని అంత దూరం ఎలా పంపడమని ఇంట్లో తర్జనభర్జన పడి, అక్క అక్కడే ఉంది కదా అన్న ఒక్క ధైర్యంతో రైలెక్కించారు. బావగారు సైన్యంలో పని చేసేవారు, బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. సంబంధం వచ్చిన కొత్తలో మిలిటరీ అల్లుడంటే అమ్మ ససేమిరా అంది. అప్పుడు పెళ్ళిళ్ళ పేరయ్య నవ్వి, "తుపాకీ పట్టే ఉద్యోగం కాదమ్మా, ఊదే ఉద్యోగం. జీతం సర్కారుది, ప్రాణం మనది" అన్నాడట. ఆ మాట మా ఇంట్లో సామెతలా స్థిరపడిపోయింది. పక్క క్వార్టర్లలోని ఆడవాళ్ళు భర్తలకి సరిహద్దుకి బదిలీ అయినప్పుడల్లా కళ్ళొత్తుకుంటుంటే అక్క వెళ్ళి ఓదార్చేది గాని, ఆ బెంగ తనది కాదన్న నిశ్చింత ఆమె నడకలోనే తెలిసేది. యుద్ధం వస్తే బ్యాండువాళ్ళు ఏం చేస్తారన్న ప్రశ్న, ఇంతమంది పెద్దలున్న మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

ఆ బ్యాండు పేరు చెప్పను గాని, మన తరం వాళ్ళంతా జనవరిలో టీవీ ముందు కూర్చుని దాన్ని చూసే ఉంటారు. మెరిసే ఇత్తడి వాద్యాలు, ఒక్క మనిషిలా కదిలే వరసలు, ఆ దర్జా చూసి నేనూ చిన్నప్పుడు నోరు వెళ్ళబెట్టినదాన్నే. అక్క క్వార్టరు వెనకే వాళ్ళు సాధన చేసే మైదానం. దాని ఇనప కంచె పక్కనే నా కంపెనీ బస్సు ఆగే చోటు. ఆ బస్సు ఏనాడూ వేళకి వచ్చిన పాపాన పోలేదు కాబట్టి, రోజూ పొద్దున్నే ఊరంతా ఎదురుచూసే ఆ బ్యాండు సాధనని నేను ఉచితంగా చూసే భాగ్యానికి నోచుకున్నాను.

మొదటి వారంలోనే నా భ్రమలు తొలగిపోయాయి. పాట వినపడుతుందని కంచె పట్టుకుని నిలబడితే, వినపడేది పాట కాదు, ఆగడం. నాలుగు స్వరాలు వాయించి ఆగడం, మళ్ళీ ఆ నాలుగే వాయించి ఆగడం. బ్యాండు మాస్టరు ఒక సుబేదార్, ఎక్కడో కొండల్లో పుట్టినవాడు, బక్కపలచటి మనిషి, ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. చేతిలో చిన్న నల్లకర్ర ఉండేది. పాట కాస్త దారిలో పడి, హమ్మయ్య ఇవాళ పూర్తిగా వినొచ్చు అనుకునే సమయానికి, ఆయన నెమ్మదిగా నడుచుకుంటూ ఒకరి ముందు ఆగి, కర్ర చూపించి, "తుమ్ నహీ హో" అనేవాడు. నువ్వు లేవు, అని అర్థం. అంతే, ఆ మనిషి వాద్యం దించి, నిలబడ్డ చోటే రాయిలా నిలబడిపోవాలి. మిగిలినవాళ్ళు ఆగకూడదు.

ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర ఇదేం చోద్యమండీ బావగారూ అని అడిగితే ఆయన తేలిగ్గా నవ్వి చెప్పారు. జనవరి చలికి క్లారినెట్ ఊదేచోట ఉండే రెల్లు పుల్ల చీలిపోతుందట, పెదవులు మొద్దుబారతాయట, నిలబడి నిలబడి కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళూ ఉంటారట. దేశమంతా చూస్తుండగా మనిషి పడినా పాట పడకూడదు, అందుకని ప్రతివాడికీ పక్కవాడి వంతు కూడా వచ్చి ఉండాలి. అయితే పక్కవాడి వంతుని పూర్తిగా మింగేయనూ కూడదట. సుబేదార్ సాబ్ మాటల్లో చెప్పాలంటే "కమీ దిఖే, గానా న రుకే". లోటు తెలియాలి, పాట ఆగకూడదు. వినడానికి చిన్న మాటే గాని, అందులో ఎంత పని ఉందో నాకు నా బల్ల దగ్గరే తెలిసొచ్చింది.

కంపెనీలో నా మొదటి డిజైన్లన్నీ తిరిగొచ్చేవి. మా హెడ్డు, బెంగాలీ మేడమ్, కాగితం చూసి పెదవి విరిచి, దీనికి ఊపిరాడటం లేదని పక్కన పడేసేది. నాకు ఒళ్ళు మండేది. తరతరాల అద్దకం మాది, ఈవిడ నాకు పువ్వులు నేర్పుతుందా అని లోపల గొణుక్కునేదాన్ని. ఒకరోజు విసుగెత్తి, నేను గీసిన తీగలో ఒక పెద్ద పువ్వు మీద తెల్లకాగితం ముక్క పెట్టి, సుబేదార్ సాబ్‌లా, నువ్వు లేవు అనుకున్నాను. డిజైనులో ఏ మార్పూ రాలేదు. అంటే ఆ పువ్వు అక్కడ ఉండి చేస్తున్నది ఏమీ లేదన్నమాట. ఇంకోదాని మీద పెట్టాను, ఈసారి తీగంతా కుప్పకూలింది. అంటే బరువంతా దాని మీదే వేసి మిగిలినవాటిని సోమరుల్ని చేశాను. ఎక్కడ కాగితం పెట్టినా చుట్టూ ఉన్న ఆకులూ మొగ్గలూ ఆ ఖాళీవైపు కాస్త వంగి, ఇక్కడొకటి ఉండేది సుమా అని చెబుతూనే నిలబడేలా గీయడానికి నాకు ఆ చలికాలమంతా పట్టింది. తరువాత మేడమ్ నా కాగితాలు తిప్పి పంపడం తగ్గించింది. నేను ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఆవిడకి చెప్పలేదు, చెప్పినా నమ్మేది కాదు.

నేను ఇంత మురిసిపోతూ ఇంట్లో చెబుతుంటే అక్క మాత్రం మొహం మాడ్చుకునేది. బావగారి వైపు కర్ర చూపిన రోజు వెనక వరండాలో బట్టలు ఆరేస్తూ ఆ మాట తన చెవులారా విన్నది. పొద్దున్నే ఏ మాట పడితే ఆ మాటా, తథాస్తు దేవతలు తిరుగుతుంటారన్న ఇంగితం లేదా ఆ ముసలాయనకి, అని ఉడికిపోయింది. ఒకనాడు మిలిటరీ క్యాంటీన్లో సరుకులు తీసుకుంటుంటే ఆయనే ఎదురుపడ్డాడు. అక్క సంచీ కింద పెట్టి, తనకొచ్చిన హిందీలో, "సాబ్, హమారే ఉన్కో ఆప్ నహీ హో మత్ బోలియే. అచ్ఛా నహీ హోతా" అంది. మా ఆయన్ని నువ్వు లేవు అనకండి, మంచిది కాదు అని. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన కోప్పడలేదు. "బేటీ, మైఁ ఉస్కో నహీ సిఖాతా. బాకీ లోగోఁ కో సిఖాతా హూఁ" అన్నాడు. అతనికి కాదు, మిగిలినవాళ్ళకి నేర్పుతున్నాను అని. అక్కకి ఆ జవాబు సమాధానంలా వినపడలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ అలా వినపడలేదు.

ఆ జనవరిలోనే ఒక ఉదయం పొగమంచు ఎంత దట్టంగా కమ్మిందంటే, కంచె ఇవతల నుంచి నాకు ముందు వరస బూట్లు తప్ప ఇంకేమీ కనపడలేదు. మంచులోంచి పాట మాత్రం వస్తోంది, జెండా దించే వేళ వాయించే నెమ్మది పాట. మధ్యలో క్లారినెట్ ఒక్కటే వినపడే చిన్న ముక్క ఒకటి ఉంది, అది బావగారిది. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి సుబేదార్ సాబ్ నల్లకర్ర ఆ బూట్ల పక్కనే నేలమీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా మంచులోంచి బయటికి నడిచి, సరిగ్గా నా ఎదురుగా కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయన వీపు నావైపు. తాను లేకుండా వాళ్ళెలా వాయిస్తారో వింటున్నాడు. పాట ఎక్కడా తడబడలేదు, మంచులో అలా సాగుతూనే ఉంది. నాయకుడు లేడని వాళ్ళకి తెలుసో తెలియదో నాకు అర్థం కాలేదు. ఆయన భుజాలు మాత్రం పాట అయ్యేదాకా కిందికి దిగలేదు. గొప్ప విద్య చూస్తున్నానన్న సంతోషం కలగాల్సిన చోట నాకు భయమేసింది, ఇలాంటి సాధన ఉత్త పరేడు కోసమే చేస్తారా అని.

నా అనుమానం తీరడానికి ఆట్టే రోజులు పట్టలేదు. నేను మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి అక్క ఒకరోజు బస్సు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. మైదానంలో వాద్యాలన్నీ గుడ్డ పరిచి దాని మీద వరసగా పెట్టి ఉన్నాయి. బ్యాండువాళ్ళు జంటలు జంటలుగా స్ట్రెచర్లు పట్టుకుని పరుగెడుతున్నారు. కొందరు గాయపడ్డవాళ్ళలా పడుకుంటే, కొందరు కట్లు కట్టి, ఎత్తి, వంగి మోసుకుపోతున్నారు. ఆ వంగి పరుగెత్తేవాళ్ళలో బావగారు ఉన్నారు. సాయంత్రం టీ ఇస్తూ అక్క ఏదో సినిమా విషయం అడిగినట్టు, ఆ మంచాలేమిటండీ పొద్దున అని అడిగింది. ఆయన గ్లాసు అందుకుంటూ, "యుద్ధమొస్తే మా పని అదేగా. దెబ్బతిన్నోళ్ళని మోసుకురావాలి. నీకు తెలుసనుకున్నానే" అన్నారు. ఆ తరువాత అక్క పక్క క్వార్టర్లకి ఓదార్చడానికి వెళ్ళడం నేను చూడలేదు.

తరువాత రెండేళ్ళు చల్లగానే గడిచాయి, మనసులో ఆ ముల్లు అలాగే ఉండిపోయింది గాని. దశకం చివర, మండు వేసవిలో, టీవీ వార్తల్లో మంచుకొండలు చూపించడం మొదలుపెట్టారు. మీకందరికీ గుర్తుండే ఉంటుంది ఆ వేసవి, ఇళ్ళలో అన్నాలు తింటూ కొండ శిఖరాల పేర్లు నేర్చుకున్నాం. బ్యాండులో సగంమందిని ఆ కొండల మీదికి పంపుతూ ఉత్తర్వు వచ్చింది. బావగారు క్లారినెట్‌ని పెట్టెలో పెట్టి, తాళం అక్క చేతికిచ్చి, తేమ తగలకుండా చూడు, నెలకోసారి తీసి తుడువు అని చెప్పి వెళ్ళారు. అంతకుమించి ఏమైనా చెబుతారేమోనని అక్క గుమ్మంలో చాలాసేపు నిలబడింది.

మిగిలిన సగంతో సుబేదార్ సాబ్ మర్నాడే సాధన మొదలుపెట్టాడు. కర్ర చూపించడం మానేశాడు, ఆ అవసరం ఇప్పుడు లేదు. వెళ్ళినవాళ్ళ చోట్లు వెళ్ళినట్టే ఉంచాడు, ఎవరినీ దగ్గరికి జరగనివ్వలేదు. పళ్ళూడిన నోరులా ఉండేవి ఆ వరసలు. వాటి మధ్యనుంచి పాట మాత్రం నిండుగా వచ్చేది. నేను ఇన్నాళ్ళూ పనితనం అని మెచ్చుకున్నది ఇప్పుడు వినలేక, బస్సు వచ్చేదాకా రోడ్డువైపు తిరిగి నిలబడేదాన్ని.

ఆ తరువాత ఇంకో సంగతి జరిగింది, అది ఎవరూ ఎవరికీ చెప్పకుండానే క్వార్టర్లన్నింటికీ తెలిసిపోయింది. పొద్దున సాధనలో కవాతు పాట వినిపిస్తే ఆ రోజు మామూలు రోజు. నెమ్మది పాట ఒక్కటే పదేపదే వినిపించిందంటే, ఆ సాయంత్రం విమానంలో ఎవరో జెండా కప్పుకుని వస్తున్నారన్నమాట. వార్తలకన్నా, ఫోన్లకన్నా ముందు ఆ మైదానం చెప్పేసేది. పొద్దున బ్యాండు మొదలయ్యే వేళకి ఆడవాళ్ళంతా మిక్సీలు ఆపేవాళ్ళు, కుక్కర్లు దించేవాళ్ళు, పంపులు కట్టేసేవాళ్ళు. మొదటి స్వరం పడేదాకా ఆ వీధిలో కాకి అరుపు తప్ప ఏమీ వినపడేది కాదు. కవాతు పాటైతే అన్ని వంటిళ్ళూ ఒక్కసారిగా మోత పెట్టేవి. కవాతు పాట కాని రోజున కుక్కరు మళ్ళీ పొయ్యెక్కేది కాదు.

ఒకసారి నెమ్మది పాట మూడురోజులు వరసగా వినిపించింది. మూడో రోజున అక్క చెప్పులు కూడా వేసుకోకుండా కంచె దగ్గరికి వచ్చి నా పక్కన నిలబడింది. బావగారి ముక్క వచ్చేసరికి సాక్సోఫోన్ వాయించే అతను దాన్ని అందుకున్నాడు, అచ్చంగా కాకుండా కాస్త తగ్గించి, పక్కనుంచి నడిచినట్టుగా. సుబేదార్ సాబ్ నేర్పినట్టే లోటు తెలిసింది, పాట ఆగలేదు. అక్క మాత్రం కంచె ఊచలు పట్టుకుని, అది ఆయనది, ఆయనొచ్చేదాకా ఖాళీగా ఉంచలేరా అని తెలుగులోనే అడిగింది. సుబేదార్ సాబ్‌కి భాష రాకపోయినా ఏమి అడుగుతుందో తెలిసింది. దగ్గరికొచ్చి, "ఉస్కీ జగహ్ ఖాలీ హై బేటీ, దేఖో. గానా మేరా నహీ హై, జో రోక్ దూఁ" అన్నాడు. అతని చోటు ఖాళీగానే ఉంచాను, పాట ఆపడానికి అది నాది కాదమ్మా అని. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పైకి వెళ్ళినవాళ్ళంతా ఆయన చేతి కింద తయారైనవాళ్ళే కదా అన్న ఊహ నాకు అప్పుడే వచ్చింది. అక్క ఇంటికి వచ్చి పెట్టె తెరిచి, ముందువారమే తుడిచిన క్లారినెట్‌ని మళ్ళీ తుడిచింది.

బావగారు బతికే వచ్చారు. వాలులో స్ట్రెచరు మోస్తుండగా పక్కన పడ్డ గుండు ముక్కలకి ఆయన కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. స్ట్రెచరు మీద ఉన్న కుర్రాడు బతికాడని తరువాత తెలిసింది. ఆస్పత్రిలో ఆ కట్టు చూసి అక్క ఏడ్చిన ఏడుపు సంతోషంతోనే, అందులో అనుమానం లేదు. వేళ్ళు పోతే పోయాయి, మనిషి దక్కాడని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది, దేవుడి పటానికి కొబ్బరికాయ కొట్టింది. మేమందరం అదే మాట అన్నాం. క్లారినెట్ మాట ఎత్తితే కృతఘ్నతలా ఉంటుందని ఎవరమూ ఎత్తలేదు.

చలికాలం మొదలవుతుండగా బ్యాండు మళ్ళీ నిండింది. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు, రానివాళ్ళ చోట కొత్తవాళ్ళు వచ్చారు. బావగారి చోట ఎక్కడినుంచో వచ్చిన పాతికేళ్ళ కుర్రాడు నిలబడ్డాడు. ఒక సెలవురోజు పొద్దున నేనూ బావగారూ వెనక వరండాలో కూర్చుని ఉండగా నెమ్మది పాట మొదలైంది, ఈసారి ఉత్త సాధన కోసమే. క్లారినెట్ ముక్క వచ్చింది. కొత్త కుర్రాడు దాన్ని ఎంత చక్కగా వాయించాడంటే నేను అబద్ధమాడలేను, బావగారికన్నా బాగా వాయించాడు. ఆయనకి నాకన్నా ముందే తెలిసి ఉంటుంది. కట్టు విప్పిన చేతిని ఒళ్ళో పెట్టుకుని పాట పూర్తయ్యేదాకా విని, ఎవరిమీదా నిష్ఠూరం లేని గొంతుతో, "నేను లేకుండా వాయించడం మాస్టారు వాళ్ళకి బాగా నేర్పాడు. నేను లేకుండా వినడం నాకెవరూ నేర్పలేదమ్మాయ్" అన్నారు.

తరువాత ఇరవై ఏళ్ళ పైచిలుకు నేను ఆ కంపెనీలో, ఇంకో రెండు కంపెనీల్లో పని చేశాను. నా కింద చేరిన ఆడపిల్లలందరికీ తెల్లకాగితం ముక్క విద్య నేర్పాను. అది మంచి విద్యే, ఇప్పటికీ అదే అంటాను. ఏ ఒక్కదాని మీదా ఆధారపడకుండా నిలబడేదే గట్టి పని. కాని నేర్పిన ప్రతిసారీ బావగారి మాట గుర్తొచ్చి నా చేయి ఒక క్షణం ఆగేది, ఆ కాగితం కింద ఉన్న పువ్వు సంగతేమిటని.

ఇప్పుడు ఆ మైదానం చుట్టూ ఎత్తైన గోడ కట్టారు. బస్సు కోసం నిలబడ్డ ఉద్యోగస్తులకి లోపలి తప్పులూ, ఆగి మళ్ళీ మొదలెట్టడాలూ వినపడవు. పూర్తయినదే అందరికీ చేరుతుంది, అదీ ఫోనులో, నిమిషానికి కుదించి. ఒక పాట వెనక ఎవరెవరు నిలబడ్డారో, ఎవరు తప్పుకున్నారో తెలుసుకునే వీలు పోయింది. తెలుసుకోవాలన్న ఓపికా పోయిందేమో.

అక్కా బావగారూ ఢిల్లీలోనే ద్వారకలో ఉంటారు. జనవరిలో పరేడు రోజున నేను మెట్రో ఎక్కి అక్కడికే వెళతాను. ఉదయం నుంచీ టీవీ పెద్దగా మోగుతూ ఉంటుంది, శకటాలు వెళతాయి, విమానాలు వెళతాయి. ఆ బ్యాండు తెర మీదికి వచ్చే ముందు అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, రిమోటు తీసుకుని టీవీ గొంతు నొక్కేస్తుంది. చప్పుడు లేని ఆ తెరని బావగారు కదలకుండా చూస్తారు. అందులో ఆయనకి వినపడేది ఏమిటో మేమిద్దరం ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. బ్యాండు దాటిపోయాక ఆయనే, ఇక పెట్టు, అంటారు.